సముద్రం లేని ఆదోనికి రోటర్‌డామ్ గొడవ ఎందుకు?

మాధవరం మంత్రాలయం మండలంలో తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు. బ్రిడ్జి దాటితే కర్ణాటక, రాయచూరు జిల్లా. అక్కడి నుంచి సముద్రం చూడాలంటే తూర్పుకు పోయినా పడమరకు పోయినా రాత్రంతా ప్రయాణమే. అలాంటి చోట ఉన్నవాళ్లకు ఐరోపాలోని ఓడరేవు సంగతి ఎందుకని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

జవాబు మొదలయ్యేది ఆదోని మార్కెట్ యార్డులో. అక్కడ వేలంలో అమ్ముడుపోయిన పత్తి జిన్నింగ్ మిల్లులో దూది అవుతుంది, ప్రెస్సులో బేలు అవుతుంది. ఆ తర్వాత నూలుగానో గుడ్డగానో మారి, అందులో కొంత ఏదో ఒక రేవు దాటి పరదేశం చేరుతుంది. ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల పండే వేరుశనగకూ అదే దారి ఉంది. కొనే దేశపు రేవులో ఏ సరుకు నిలుస్తుందో, ఏది వెనక్కి వస్తుందో, దాన్ని బట్టి ఇక్కడి వ్యాపారి ఎంతవరకు పాడగలడో తేలుతుంది. అందుకే ఆ రేవు ఎలా నడుస్తుందో, ప్రపంచం నలుమూలల కంపెనీలు అక్కడే ఎందుకు దుకాణం పెడతాయో తెలుసుకోవడం మనకు పనికొచ్చే విషయమే. ఐరోపాలో అన్నింటికన్నా పెద్దదైన రోటర్‌డామ్‌ను తీసుకుని ఒక్కొక్క ప్రశ్నే విప్పుదాం.

అది అంత పెద్దది ఎలా అయింది?

నెదర్లాండ్స్ పడమటి అంచున, రైన్, మ్యూజ్ నదుల నీళ్లు ఉత్తర సముద్రంలో కలిసే చోట ఉంది రోటర్‌డామ్. 2023లో అక్కడ ఎక్కిన, దిగిన సరుకు దాదాపు 43.9 కోట్ల టన్నులు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో విశాఖపట్నం పోర్టు చూసిన సరుకు 8.1 కోట్ల టన్నులు. అంటే అయిదు విశాఖలను మించిన రేవు అది. 1962 నుంచి 2004 దాకా ప్రపంచంలోనే మొదటి స్థానం దానిది. ఆ తర్వాత షాంఘై, సింగపూర్ దాన్ని దాటిపోయాయి.

ఇదంతా దేవుడిచ్చిన లోతు అనుకుంటే పొరపాటు. 19వ శతాబ్దం మధ్యకల్లా ఆ నదీముఖాలు ఇసుక మేటలు వేసి, పెద్ద ఓడలు ఊరిదాకా రాలేని పరిస్థితి వచ్చింది. అప్పుడు ఇసుక దిబ్బలను కోసి సముద్రానికి నేరుగా కొత్త కాలువ తవ్వారు. 1872లో అది తెరుచుకుంది. దానికి లాకులు లేవు. ఓడ ఆగి, తలుపులు తెరిచేదాకా కాచుకోనక్కర్లేదు. 1940 మే 14న జర్మన్ విమానాలు బాంబులు వేసి ఊరి నడిబొడ్డును నేలమట్టం చేశాయి. యుద్ధం ముగిశాక ఊరును, రేవును మళ్లీ కట్టుకున్నారు. అంతటితో ఊరుకోక సముద్రాన్ని పూడ్చి కొత్త నేల తయారు చేశారు. అలాంటి రెండో విస్తరణ 2013లో ఓడలకు తెరుచుకుంది. ఇప్పుడు రేవు ఈ కొన నుంచి ఆ కొనకు 40 కిలోమీటర్ల పొడవు. ఊరి మధ్య నుంచి సముద్రం వైపు జరుగుతూ పోయిన రేవు అది. ఓడలు పెద్దవైన ప్రతిసారీ ఇంకా లోతున్న చోటికి కదిలింది.

లోతైన నీళ్లుంటే చాలదా?

చాలదు. లోతైన తీరం ప్రపంచంలో చాలా చోట్ల ఉంది. అక్కడ దిగిన సరుకును ఎవరు కొంటారు, వాళ్ల దగ్గరికి ఎంత ఖర్చుతో చేరుతుంది అన్నది అసలు లెక్క. రేవు వెనక ఉన్న నేలే దాని బలం.

రోటర్‌డామ్ వెనక రైన్ నది ఉంది. సరుకు ఓడ దిగి బల్లకట్టు లాంటి పొడవాటి పడవల్లోకి ఎక్కితే జర్మనీలోని డ్యూస్‌బర్గ్ చేరుతుంది. ప్రపంచంలోని అతి పెద్ద నదీ రేవుల్లో అది ఒకటి. ఇంకా పైకి పోతే, 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేశాక, స్విట్జర్లాండ్‌లోని బాసెల్. సముద్రమే లేని స్విట్జర్లాండ్‌కు అదే సముద్రపు వాకిలి. నదితో సరిపెట్టుకోకుండా 2007లో రేవు నుంచి జర్మనీ సరిహద్దు వరకు సుమారు 160 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. అది గూడ్సు బండ్లకే. ప్రయాణికుల రైలు పోయేదాకా గూడ్సును లూప్ లైన్‌లో నిలబెట్టే పని అక్కడ లేదు. వీటికి తోడు నూనె, రసాయనాలను బెల్జియం, జర్మనీలకు పంపే పైపులైన్లు ఉన్నాయి. జర్మనీ ఫ్యాక్టరీలు రేవు వెనకే ఉండటం, అక్కడికి నీటి దారి, ఇనుప దారి, గొట్టాల దారి మూడూ ఉండటం వల్ల, దిగుమతి చేసుకునేవాడు ఒక దారి మూసుకుపోయినా మరోదాన్ని పట్టుకోగలడు.

ఇలాంటి ఆలోచన మన నేల మీదా ఒకసారి పుట్టింది. కర్నూలు–కడప కాలువను, అంటే మన కేసీ కెనాల్‌ను, 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట కట్టి తవ్వించింది. పొలాలకు నీళ్లు, వ్యాపారానికి పడవలు, రెండింటికీ పనికొచ్చేలా దాన్ని కట్టారు. కంపెనీకి లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. సేద్యం మిగిలింది, పడవలు ఆగిపోయాయి. వేసవిలో ఎండిపోయే నదిని నమ్ముకుని ఏడాది పొడవునా సరుకు నడపలేరు. అప్పటికే రైలు వచ్చేసింది. 1871లో మద్రాసు నుంచి వచ్చిన లైను, బొంబాయి నుంచి వచ్చిన లైను రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని ఆ దారిలోనే ఉంది. ఒక్కసారిగా రెండు మహా రేవులకూ ఆదోని పత్తి అందుబాటులోకి వచ్చింది. ఆదోని పత్తి మార్కెట్ ఎదుగుదలకు ఆ ఇనుప దారి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

విదేశీ కంపెనీకి అక్కడ డబ్బు ఎలా మిగులుతుంది?

జీఎస్టీ రాకముందు, 2017 జూలై వరకు, రాష్ట్రం మారిన ప్రతిచోటా లారీలు ఆగి కాగితాలు చూపించేవి. మాధవరం లాంటి సరిహద్దు ఊళ్లకు ఆ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. లారీ నిలిచిన ప్రతి గంటకూ ఎవరో ఒకరు డబ్బు కట్టాల్సిందే. రేవుల్లోనూ అంతే. కాకపోతే అక్కడ లారీకి బదులు ఓడ, గంటకు బదులు రోజులు.

రోటర్‌డామ్‌లో ఈ ఖర్చు మూడు విధాలుగా తగ్గుతుంది. ఒకటి, ఐరోపా సమాఖ్యలో 27 దేశాలకు కలిపి కస్టమ్స్ ఒక్కటే. సరుకు అక్కడ సుంకం కట్టి లోపలికి వచ్చిందంటే పోలండ్‌కు పోయినా, ఫ్రాన్స్‌కు పోయినా దారిలో మళ్లీ సుంకం ఉండదు. రెండు, బాండెడ్ గోదాములు. సరుకు గోదాములో ఉన్నంత కాలం సుంకం కట్టనక్కర్లేదు. కొనేవాడు దొరికి బయటికి తీసినప్పుడే కడతారు. ఐరోపా దాటి మరో దేశానికి పంపేస్తే అదీ అక్కర్లేదు.

మూడోది నెదర్లాండ్స్ ప్రత్యేకత. ఆ దేశంలో విలువ ఆధారిత పన్ను మామూలుగా 21 శాతం. కోటి రూపాయల సరుకు దిగుమతి చేసుకుంటే 21 లక్షలు సరిహద్దులోనే కట్టి, నెలల తర్వాత వాపసు తీసుకోవాలి. ఆ 21 లక్షలకు వడ్డీ ఎవరు భరిస్తారు? వాళ్ల పన్ను చట్టంలోని 23వ అధికరణం కింద అనుమతి తీసుకున్న కంపెనీ ఆ పన్నును సరిహద్దులో కట్టనక్కర్లేదు. తర్వాత వేసే రిటర్నులో ఒక గడిలో బాకీగా చూపి, మరో గడిలో మినహాయింపుగా తీసుకుంటుంది. చేతి నుంచి రూపాయి కదలదు. అక్కడ సొంత ఆఫీసు లేని విదేశీ వ్యాపారి తన తరఫున స్థానిక ప్రతినిధిని పెట్టుకుని ఇదే సదుపాయం వాడుకోవచ్చు. పెద్ద పెట్టుబడితో వచ్చే కంపెనీ తన లావాదేవీ మీద పన్ను ఎలా పడుతుందో ముందుగానే అధికారులను అడిగి తేల్చుకునే వీలూ ఉంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. నెదర్లాండ్స్‌లో కంపెనీ పన్ను తక్కువేం కాదు. పెద్ద లాభాల మీద అది 25.8 శాతం. పన్ను తక్కువని కాదు, ఎంత పడుతుందో, ఎప్పుడు కట్టాలో ముందే తెలుస్తుందని కంపెనీలు అక్కడికి వెళతాయి. 2023-24లో మన దేశం నెదర్లాండ్స్‌కు 2,200 కోట్ల డాలర్లకు పైగా విలువైన సరుకు పంపింది. అమెరికా, ఎమిరేట్స్ తర్వాత మూడో స్థానం దానిదే. కోటీ ఎనభై లక్షల జనాభా ఉన్న దేశం అంత సరుకు వాడుకోగలదా? వాడుకోదు. అందులో పెద్ద భాగం పెట్రోలియం ఉత్పత్తులు. చాలా సరుకు రోటర్‌డామ్‌లో దిగి పక్క దేశాలకు సాగిపోతుంది. లెక్కల్లో మాత్రం నెదర్లాండ్స్ పేరే కనిపిస్తుంది.

కంపెనీలన్నీ ఒక్కచోటే ఎందుకు చేరతాయి?

ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల పక్కనే పత్తిగింజల నూనె మిల్లులు ఎందుకు వచ్చాయో, అదే కారణం. ఒకరి దగ్గర మిగిలింది మరొకరికి ముడిసరుకు. రోటర్‌డామ్ రేవులో నూనె శుద్ధి కర్మాగారాలే అయిదు ఉన్నాయి. అందులో పెర్నిస్‌లోని షెల్ కర్మాగారం ఐరోపాలో అతి పెద్దది. వాటి నుంచి వచ్చే వాయువులు, ద్రావకాలు గొట్టాల్లో పక్కనున్న రసాయన కంపెనీకి పోతాయి. కొత్తగా వచ్చేవాడికి ట్యాంకులు, ఆవిరి, మరమ్మతు చేసేవాళ్లు, బీమా ఇచ్చేవాళ్లు, కస్టమ్స్ ఏజెంట్లు అందరూ పిలుపు దూరంలో ఉంటారు. అన్నీ సొంతంగా కట్టుకోనక్కర్లేదు.

రేవు యాజమాన్యం తీరు కూడా దీనికి తోడ్పడింది. రోటర్‌డామ్ పోర్టు సంస్థలో దాదాపు 70 శాతం వాటా నగర పాలక సంస్థది, మిగతాది కేంద్ర ప్రభుత్వానిది. నేల, లోతు, గోడలు, రోడ్లు చూసుకోవడం దాని పని. ఓడల నుంచి సరుకు దించే పని ప్రైవేటు కంపెనీలది. వాళ్లకు నేలను దీర్ఘకాలపు కౌలుకు ఇస్తారు. దీంతో విదేశీ కంపెనీ తన డబ్బును భూమి కొనడంలో ఇరికించుకోదు, భూస్వామిగా ఉన్న నగరమూ తన పట్టు పోగొట్టుకోదు. రేవు లాభంలో పెద్ద వాటా నగరానికే వస్తుంది కాబట్టి రేవు బాగుండాలన్న ఆత్రం నగరానికీ ఉంటుంది.

కాగితాల సంగతీ అంతే. ఓడ కంపెనీ, కస్టమ్స్, గోదాము, లారీవాడు, పడవవాడు వేర్వేరుగా ఫారాలు నింపకుండా ఒకే కంప్యూటర్ వేదిక మీద సమాచారం పంచుకుంటారు. పోర్ట్‌బేస్ అనే ఆ వ్యవస్థ 2009లో రోటర్‌డామ్, ఆమ్‌స్టర్‌డామ్ రేవులు చేతులు కలిపినప్పుడు వచ్చింది. రెండు రేవులూ పోటీదారులే. అయినా కాగితం దగ్గర పోటీ పడితే ఇద్దరికీ నష్టమని గ్రహించాయి.

తగవు వస్తే ఎవరు తీరుస్తారు?

వ్యాపారంలో ఇది చివరి ప్రశ్నలా కనిపిస్తుంది కానీ తెలివైన వ్యాపారి దీన్నే మొదట అడుగుతాడు. నెదర్లాండ్స్ 2019 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక వాణిజ్య న్యాయస్థానాన్ని ప్రారంభించింది. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే అక్కడ వాదనలు, తీర్పు అన్నీ ఇంగ్లీషులోనే. డచ్చి భాష రాని కొరియా కంపెనీ, తెలుగు కంపెనీ కూడా తమ కాగితాలు తామే చదువుకోగలవు.

పత్తి సంగతికొస్తే ఇంకా పాత ఉదాహరణ ఉంది. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ రేవులో పత్తి బ్రోకర్లు 1841లోనే సంఘం పెట్టుకున్నారు. జర్మనీలోని బ్రెమెన్‌లో పత్తి ఎక్స్ఛేంజి 1872లో వచ్చింది. పత్తి గ్రేడు ఎలా నిర్ణయించాలి, బరువు తగ్గితే ఎవరు భరించాలి, ఒప్పందం తప్పితే ఎంత చెల్లించాలి అన్న నియమాలను ఈ రేవు ఊళ్లే రాశాయి. లివర్‌పూల్ సంఘమే ఇప్పుడు అంతర్జాతీయ పత్తి సంఘం. ఇప్పటికీ దేశాల మధ్య జరిగే పత్తి వ్యాపారంలో ఎక్కువ భాగం దాని నిబంధనల కిందే నడుస్తుంది. లివర్‌పూల్‌లో ఒకప్పటిలా పత్తి ఓడలు దిగడం లేదు. మిల్లులు ఆసియాకు వచ్చేశాయి. అయినా తగవు తీర్చే పీట మాత్రం అక్కడే మిగిలింది. సరుకు పోయినా నమ్మకం నిలిస్తే సంపాదన ఆగదు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇది తెలుగువాళ్లకు తెలియని విద్యా?

ఎంతమాత్రం కాదు. ఒకప్పుడు ఐరోపా కంపెనీలు మన రేవులను వెతుక్కుంటూ వచ్చాయి. 1602లో డచ్చివాళ్లు ఈస్టిండియా కంపెనీ పెట్టుకున్నారు. దానికి ఆరు ఊళ్లలో శాఖలుండేవి, అందులో రోటర్‌డామ్ ఒకటి. మూడేళ్లలో, 1605లో, ఆ కంపెనీ మచిలీపట్నంలో గిడ్డంగి తెరిచింది. వాళ్లను రప్పించింది మచిలీపట్నం లోతు కాదు. అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా నిలిచేవి, చిన్న పడవల్లో సరుకు చేరవేసేవాళ్లు. వాళ్లను రప్పించింది వెనకున్న నేల. కృష్ణా, గోదావరి జిల్లాల నేతగాళ్లు, అద్దకంవాళ్లు, గోల్కొండ సంత, ఆ రాజ్యపు వజ్రాలు. తెలుగునాట నేసి, అద్దిన గుడ్డలు హాలెండు ఇళ్లలో తొడుగులయ్యాయి, గోడలకు ఎక్కాయి.

పన్ను ముందే తెలియడం ఎంత విలువైనదో ఆ కాలం వ్యాపారులకూ తెలుసు. 1632లో గోల్కొండ సుల్తాను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చిన బంగారు ఫర్మానా సారాంశం అదే. ఏడాదికి 500 పగోడాలు (బంగారు నాణేలు) కడితే చాలు, గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చు. ప్రతి ఓడకూ ప్రతి అధికారితో బేరమాడే బాధ పోయింది. నెదర్లాండ్స్ 23వ అధికరణానికీ గోల్కొండ ఫర్మానాకూ మధ్య దాదాపు నాలుగు వందల ఏళ్ల దూరం ఉన్నా రెండూ అమ్మింది ఒకే సరుకు, నిశ్చింత. అయితే ఆ కథ ఎలా ముగిసిందో మరిచిపోకూడదు. వచ్చినవాడికి సౌకర్యం ఇవ్వడం ఒకటి, పగ్గాలు ఇచ్చేయడం మరొకటి.

మన సీమ పత్తి కూడా రేవుల భాషలోకి ఎప్పుడో ఎక్కింది. బళ్లారి, ఆదోని ప్రాంతపు పత్తికి అంతర్జాతీయ మార్కెట్లో ‘వెస్టర్న్స్’ అన్న వ్యాపార నామం ఉండేది. 1861–65 అమెరికా అంతర్యుద్ధంలో అక్కడి పత్తి లివర్‌పూల్‌కు రాకుండా ఆగిపోయినప్పుడు బళ్లారి సీమ పత్తి ధర పెరిగింది. యుద్ధం ముగియగానే దిగింది. దూరాన ఉన్న రేవు దగ్గితే ఇక్కడి యార్డుకు జలుబు చేయడం నూటయాభై ఏళ్ల నాటి సంగతి.

ఈ రోజు మన రాష్ట్రంలో విదేశీ కంపెనీలు ఎక్కడ చేరాయి, ఎందుకు?

రోటర్‌డామ్‌తో పోల్చదగ్గ చోటు చూపమంటే శ్రీసిటీని చూపాలి. తిరుపతి జిల్లా సత్యవేడు దగ్గర 2008లో మొదలైంది. చెన్నై, ఎన్నూరు, కాట్టుపల్లి, కృష్ణపట్నం రేవులు నాలుగూ అందుబాటులో ఉన్నాయి. చెన్నై చుట్టూ పెరిగిన విడిభాగాల పరిశ్రమ పక్కనే ఉంది. రోడ్లు, కరెంటు, నీళ్లు వేసి సిద్ధం చేసిన నేల ఉంది. ఎగుమతులకు ప్రత్యేక ఆర్థిక మండలి, దేశీయ అమ్మకాలకు వేరే మండలి, సుంకం లేకుండా నిల్వ చేసే గోదాముల మండలి ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. జపాన్‌కు చెందిన ఇసుజు, డైకిన్, ఫ్రాన్స్‌కు చెందిన ఆల్‌స్తోమ్, క్యాడ్‌బరీ చాక్లెట్లు చేసే మాండలీజ్ అక్కడికి వచ్చాయి. రోటర్‌డామ్ కారణాలే ఇక్కడా పనిచేశాయి.

మరి రేవుకు దూరంగా ఉన్న రాయలసీమ సంగతి? పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు రావడం మొదలైంది. దాదాపు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో దాన్ని కట్టారు. అక్కడ సముద్రం లేదు. జాతీయ రహదారి 44 ఉంది, బెంగళూరు దగ్గరే, చెన్నై రేవులకు రోడ్డు ఉంది. రేవు ఒడ్డున ఉండటం తప్పనిసరి కాదని, రేవును నమ్మకంగా చేరగలగడం తప్పనిసరి అని ఆ ఫ్యాక్టరీ చెబుతోంది.

కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు అదే బాటలో ఉంది. 2021 మార్చిలో అక్కడ విమానాశ్రయం మొదలైంది. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 12 పారిశ్రామిక కేంద్రాల్లో ఓర్వకల్లు కూడా ఉంది. 2,621 ఎకరాలు, అంచనా 2,786 కోట్ల రూపాయలు. కృష్ణపట్నం రేవును గుంతకల్లు వైపు కలిపే ఓబులవారిపల్లె–వెంకటాచలం రైలు మార్గం కూడా వచ్చింది. వెలిగొండలను తొలిచి అందులో ఆరు కిలోమీటర్లకు పైగా సొరంగం వేశారు. రోటర్‌డామ్‌కు జర్మనీ సరిహద్దు దాకా వేసిన గూడ్సు లైను చేసిన పనిని, మన మేరకు ఈ లైను చేయాలి.

రోటర్‌డామ్‌లో అన్నీ మంచివేనా?

కాదు. 2018లో, మళ్లీ 2022లో రైన్ నది బాగా తగ్గిపోయి పడవలు సగం సరుకుతో నడవాల్సి వచ్చింది. 2018లో జర్మనీ రసాయన దిగ్గజం బీఏఎస్‌ఎఫ్ ఉత్పత్తి తగ్గించుకుంది. అక్కడ కరెంటు తీగల సామర్థ్యం చాలక కొత్త ఫ్యాక్టరీలు కనెక్షన్ కోసం వరుసలో ఉన్నాయి. నత్రజని కాలుష్యం మీద కోర్టు తీర్పులతో నిర్మాణాలు ఆలస్యమయ్యాయి. ఇళ్ల అద్దెలు, జీతాలు ఎక్కువ. పరదేశపు నిపుణులకు జీతంలో 30 శాతం మేర పన్ను లేకుండా ఇచ్చే వెసులుబాటు ఉండేది. అక్కడ పనిచేసే తెలుగు ఇంజినీర్లందరికీ తెలిసిన సదుపాయం అది. దాన్ని 2027 నుంచి 27 శాతానికి తగ్గిస్తున్నారు. కంటెయినర్లలో కొకైన్ దొంగ రవాణా పెరిగి తనిఖీలూ పెరిగాయి. ఏ రేవూ ఒకసారి గెలిచి కూర్చోలేదు.

మరి ఆదోని, ఎమ్మిగనూరు చేయాల్సింది ఏమిటి?

రేవును ఇక్కడికి తేలేం. రేవు అడిగే నమ్మకాన్ని మాత్రం ఇక్కడే తయారు చేయాలి.

వేరుశనగనే చూడండి. ఐరోపాలోకి నేరుగా తినడానికి వచ్చే వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం మొత్తం కలిపి కిలోకు 4 మైక్రోగ్రాములు మించకూడదు. అందులో బి1 రకం 2 మించకూడదు. లెక్కకు మించితే కంటెయినర్ వెనక్కి రావాలి, లేదా అక్కడే నాశనం కావాలి. ఈ విషం పుట్టేది రేవులో కాదు, పొలంలో. పంట చివరి దశలో వాన లేక నేల ఎండితే బూజు కాయలోకి చొరబడుతుంది. పీకిన కాయ సరిగా ఎండకపోతే పెరుగుతుంది. పప్పు విరగకుండా ఉంటుందని మిషన్లో వేసే ముందు కాయల మీద నీళ్లు చల్లే అలవాటు ఉందే, అది బూజుకు విందు పెట్టడమే. కాయను బాగా ఎండబెట్టడం, తడి తగలనివ్వకపోవడం, ముక్కిన పప్పు ఏరేయడం ఖర్చు లేని పనులు.

ద్రాక్ష రైతుల అనుభవం ఇంకా గట్టి పాఠం. 2003లో మన ద్రాక్షలో పురుగుమందు అవశేషాలు ఎక్కువ ఉన్నాయని నెదర్లాండ్స్ అభ్యంతరం చెప్పింది. ఆ తర్వాత వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా గ్రేప్‌నెట్ వ్యవస్థను తెచ్చింది. ప్రతి తోటకూ నమోదు సంఖ్య, కోతకు ముందు ప్రయోగశాల పరీక్ష, పెట్టె మీద నంబరు చూస్తే తోట దాకా పోయే దారి. 2010లో మరో మందు అవశేషం పట్టుబడి మళ్లీ కంటెయినర్లు ఆగాయి. మందు జాబితా మార్చుకుని మళ్లీ నిలబడ్డారు. ఇప్పుడు భారత ద్రాక్షను ఎక్కువగా కొనే దేశం అదే నెదర్లాండ్స్. వేరుశనగకూ అపెడా పీనట్.నెట్ వ్యవస్థ పెట్టింది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి 43 శీతల కంటెయినర్లతో అరటి రైలు ముంబయి రేవుకు పోయింది. రాయలసీమ రైతు రేవు అడిగిన నాణ్యత ఇవ్వగలడని అది చూపించింది.

పత్తికి జబ్బు వేరే. ప్లాస్టిక్ గోనె పోగులు, పురికొసలు, వెంట్రుకలు దూదిలో కలవడం. ఒక్క పోగు నూలులోకి పోతే అద్దకం దగ్గర మచ్చై తేలుతుంది, తాను మొత్తం గ్రేడు పడిపోతుంది. భారత పత్తిలో ఇలాంటి కల్తీ ఎక్కువన్న పేరు ప్రపంచ మిల్లుల్లో ఉంది. కోత నాటి నుంచి నూలు గుడ్డ సంచులు వాడటం, తడి పత్తి కలపకపోవడం, మొదటి తీత చివరి తీత వేరుగా ఉంచడం, ఇవి చేతిలో ఉన్న పనులే. దీన్ని ఒంటరి రైతు చేస్తే వ్యాపారి గుర్తించకపోవచ్చు. పదిమంది కలిసి ఒకే పేరుతో అమ్మితే గుర్తించక తప్పదు. కలిసి నిలబడటం ఈ సీమకు కొత్త కాదు. ఎమ్మిగనూరులో 1938లోనే మాచాని సోమప్ప నేతగాళ్లను కూర్చి సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

కాబట్టి యార్డుకు వెళ్లినప్పుడు ధర ఎంత అని అడిగి ఊరుకోకండి. తేమ ఎంత చూశారో, గ్రేడు ఏమిటో, పరీక్ష ఎక్కడ చేశారో అడగండి, కాగితం మీద రాయించుకోండి. రైతు సంఘాలు, మార్కెట్ కమిటీలు దూది నాణ్యత, అఫ్లాటాక్సిన్ పరీక్షలను యార్డు గేటు దాకా తెప్పించే పని పట్టుకోవాలి. లోతు తవ్వి, కాగితం సరిచేసి, మాట నిలబెట్టుకుని రోటర్‌డామ్ ఎదిగింది. మనకు తవ్వే పని లేదు. మిగిలిన రెండూ ఆదోనిలోనే మొదలుపెట్టవచ్చు.